బోధన అంటే అసలు అర్థం నిద్ర లేపడం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చంద్రగిరి దగ్గర ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నానని రాశారు. సెప్టెంబర్ 5న మీ బడి సభలో ఒక వక్త 'గు అంటే చీకటి, రు అంటే పోగొట్టేది, అందుకే గురువు' అన్నారట. పదో తరగతి పిల్లవాడు లేచి 'మరి బోధనలో బో అంటే ఏమిటి, ధ అంటే ఏమిటి?' అని అడిగితే అందరూ నవ్వేసి ఊరుకున్నారట. ఆ పిల్లవాడికి ఏం చెప్పాలని, బోధనకూ ఉపదేశానికీ శిక్షణకూ తేడా ఏమిటని, పనిలో పనిగా బడి సంచికకు ఏ పేరు పెట్టాలని అడిగారు. ముప్పై నాలుగేళ్లు తిరుపతిలో తెలుగు పాఠాలు చెప్పి ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నవాణ్ణి, కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు ఆ పిల్లవాణ్ణి మెచ్చుకోండి. అది వెటకారం అనుకున్నవారు పొరబడ్డారు. మాటను అక్షరాలుగా విరిచి ఒక్కో ముక్కకూ ఒక్కో అర్థం అంటించే వేడుక మనకు పాతదే. గు, రు అనే ఆ వివరణ అద్వయతారకోపనిషత్తులో ఉంది. భక్తితో తలచుకోవడానికి బాగుంటుంది గానీ మాట పుట్టిన దారి అది కాదు. గురు అంటే బరువైనది. ఛందస్సు పాఠంలో మీరు చెప్పేదే చూడండి: లఘువు తేలిక, ఒక మాత్ర, గురువు బరువు, రెండు మాత్రలు. గురుత్వాకర్షణలో ఉన్నదీ ఆ బరువే. లాటిన్‌లో గ్రావిస్, గ్రీకులో బరుస్ అనే మాటలు దీనికి దాయాదులు. ఎవరి మాటకు తూకం ఉంటుందో ఆయన గురువు. చీకటి ప్రస్తావన ఇందులో ఎక్కడా లేదు.

చీకటి, వెలుతురు కావాలంటే బోధనలోనే దొరుకుతాయి. దాని ధాతువు, అంటే క్రియకు మూలమైన వేరు, బుధ్. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దీనికి 'అవగమనే' అని, అంటే తెలుసుకోవడం అని అర్థం చెప్పింది. అంతకన్నా పాత పొర ఋగ్వేదంలో ఉంది. అక్కడ బుధ్ అంటే మేలుకోవడం. అగ్నికి 'ఉషర్బుధ్' అని ఒక విశేషణం: తెల్లవారుజామునే మేలుకునేవాడు. రష్యన్ భాషలో ఈనాటికీ నిద్ర లేపడాన్ని 'బుదీత్' అంటారు. ఆ మాటా మన ధాతువూ ఒకే ఇంటివి. మేలుకున్నవాడు బుద్ధుడు, తెలిసినవాడు బుధుడు. ఈ ధాతువుకు ప్రేరణార్థక రూపం 'బోధయతి', అంటే మేలుకొనేటట్టు చేస్తాడు అని. బోధన అంటే మేలుకొలపడం. 'తెలియజెప్పడం' అన్న అర్థం ఆ తరువాత దాని మీద మొలిచింది.

తిరుపతిలో ఉన్నవాళ్లకు దీనికి సాక్ష్యం వెతుక్కోవలసిన పని లేదు. రోజూ తెల్లవారుజామున కొండ మీద వినిపించే సుప్రభాతంలో మొదటి శ్లోకం వాల్మీకి రామాయణం బాలకాండలోది, ఇరవై మూడో సర్గలోది. పదిహేనో శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ దాన్ని తన సుప్రభాతానికి మొదట నిలిపారు. ఆ శ్లోకంలో ఎవరు ఎవరిని లేపుతున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. విశ్వామిత్రుడు రాముణ్ణి లేపుతున్నాడు. కౌసల్య పేరు ఎత్తుతాడే గానీ లేపేది తల్లి కాదు, గురువు. అంతకు ముందు సర్గలో సరయూ తీరాన బల, అతిబల అనే విద్యలు ఉపదేశించాడు. రాత్రి ఆకుల పడక మీద పడుకున్నారు. తెల్లవారగానే లేపాడు. ధాతువులోని రెండర్థాలూ, చెప్పడమూ లేపడమూ, పక్కపక్క సర్గల్లో ఉన్నాయి. మీ పిల్లవాడికి వ్యాకరణం ఏమీ చెప్పకుండా ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

ఇంకో సాక్ష్యం కార్తీకంలో. చాతుర్మాస్యం ముగిసి విష్ణువు నిద్ర లేచే రోజును ప్రబోధినీ ఏకాదశి అంటారు. ఆ మరునాడు కైశిక ద్వాదశి. తిరుమలలో ఉగ్ర శ్రీనివాసమూర్తి ఏడాదికి ఒక్కసారి బయటికి వచ్చేది ఆ రోజే, అదీ సూర్యోదయానికి ముందే. దానికి ప్రబోధోత్సవం అని పేరుంది. ఇక్కడ ప్రబోధం అంటే స్వామికి ఎవరో పాఠం చెప్పడం కాదు కదా! మాట తన పాత అర్థంలోనే ఉంది.

నాకు అంతకన్నా ఇష్టమైనది మరొకటి. సంస్కృతం సంగతి పక్కన పెట్టి అచ్చ తెలుగు మాటలు చూడండి. తెల్లవారడం, తెలియడం, తెలుపు, తెలివి అన్నీ ఒకే వేరునుంచి వచ్చాయి. ఆ వేరుకు 'స్వచ్ఛమైన, స్పష్టమైన' అని అర్థం. కళ్లు తిరిగి పడిపోయిన మనిషి లేచి కూర్చుంటే 'తెలివి వచ్చింది' అంటాం. పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాడికీ తెలివి ఉంది అంటాం. ఇక 'మెలకువ' చూడండి. తెల్లవారుజామున వచ్చేదీ మెలకువే, కుండ చేయడంలోనో వీణ వాయించడంలోనో గురువు దగ్గర పట్టుకునే కిటుకులూ మెలకువలే. ఎవరి ధాతువునూ అరువు తెచ్చుకోకుండా, నిద్ర లేవడాన్నీ విద్య రావడాన్నీ తెలుగు తనంతట తాను ఒకే మాటలో ఇమిడ్చింది.

వ్యాకరణంలోనూ ఇంకో పోలిక ఉంది. నడుచు నుంచి నడుపు, తడియు నుంచి తడుపు, మేయు నుంచి మేపు, లేచు నుంచి లేపు. అదే వరసలో తెలియు నుంచి తెలుపు, నేర్చు నుంచి నేర్పు. బుధ్యతే నుంచి బోధయతి, అధీతే నుంచి అధ్యాపయతి వచ్చినట్టే. రెండు భాషల్లోనూ నేర్పేవాడి క్రియ నేర్చుకునేవాడి క్రియ మీద కట్టినదే. ఆవు మేస్తేనే మేపడం. పిల్లవాడు నేర్చుకుంటేనే నేర్పడం. 'చెప్పాను గానీ వాడు నేర్చుకోలేదు' అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. 'నేర్పాను గానీ వాడు నేర్చుకోలేదు' అంటే చెవికి కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. స్టాఫ్ రూములో మనం ఎప్పుడూ మొదటి వాక్యమే వాడుతుంటామని గమనించే ఉంటారు. లేపడం మాత్రం ఈ వరసలో కాస్త వేరు. 'లేపాను, లేవలేదు' అని తల్లులు రోజూ అంటూనే ఉంటారు, అందులో తప్పేమీ వినిపించదు. బోధన కూడా ఆ కోవలోదే కాబోలు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మధ్యాహ్నం పీరియడులో ఒక కుర్రవాడు క్రమం తప్పకుండా నిద్రపోయేవాడు. రెండు వారాలు లేపాను, సుద్దముక్క కూడా విసిరాను. తరువాత తెలిసింది, వాడు తెల్లవారుజామున మూడింటికి లేచి తండ్రితో పాటు పూల బుట్టలు మోస్తాడని. అప్పటినుంచి లేపడం మానేశాను. ధాత్వర్థం ప్రకారం అది వృత్తిధర్మానికి విరుద్ధమే.

తెలుగులో ఈ మాట ఎన్ని దారులు పట్టిందో కూడా చెప్పండి. 'నాకు బోధపడలేదు' అంటాం; అర్థం దానంతట అది వచ్చి మనలో పడాలన్నమాట. విభక్తుల పాఠంలో సంబోధన ప్రథమ ఉంది: ఓయీ, ఓరీ అని పిలిచి ఎదుటివాడి ధ్యాసను మన వైపు మేల్కొల్పడం. చెడ్డ సలహా దుర్బోధ, మంచిది హితబోధ. కార్యాలయ కాగితాల్లో బోధనేతర సిబ్బంది అని ఉంటుంది. గుణసంధికి ఉదాహరణగా దాన్ని నేను చాలా ఏళ్లు వాడుకున్నాను. బోదకాలులోని బోద మాత్రం వేరే మాట, దానికి వత్తు లేదు.

వత్తు అన్నాను కాబట్టి ఒక బాధ చెప్పుకోవాలి. గోడల మీద, కరపత్రాల మీద, ఆఖరికి శిక్షణ తరగతుల బ్యానర్ల మీద కూడా 'భోధన' అని రాస్తున్నారు. తప్పు. తమాషా ఏమిటంటే, చాలా పూర్వకాలంలో ఈ ధాతువుకు మొదటి అక్షరంలోనూ వత్తు ఉండేది. ఒకే ధాతువులో రెండు వత్తు హల్లులు వెంటవెంటనే పలకడం సంస్కృతానికి ఇష్టం లేక మొదటిదాని వత్తు తీసేసింది. రెండోదాని వత్తు పోయిన చోట మొదటిది తిరిగి వస్తుంది: భవిష్యత్ రూపం 'భోత్స్యతే'. అంటే రెండిట్లో ఒకదానికే వత్తు. 'భోధన' రాసేవారు రెండూ కావాలంటున్నారు.

ఇప్పుడు చెప్పేవాడి పేర్ల దగ్గరికి వస్తాను. మీరు అడగలేదు గానీ మన జిల్లాలో ఉండి ఇది చెప్పకుండా ఉండలేను. మాది పుత్తూరు దగ్గర పల్లె. మా ఇంట్లో బడిపంతులును 'అయివారు' అనేవాళ్లం. గోడకు అవతల ఇంట్లో తమిళం మాట్లాడేవారు, వాళ్లకు ఆయనే 'వాత్తియార్'. పదేళ్ల వయసులో అవి రెండూ ఆయన పేర్లే అనుకునేవాణ్ణి. వాత్తియార్ అనేది ఉపాధ్యాయ శబ్దం తమిళంలో అరిగి తయారైన రూపమని కళాశాలకు వచ్చాక తెలిసింది. అదే ఉపాధ్యాయ శబ్దం ప్రాకృతంలో 'ఉవజ్ఝాయ' అయింది. జైనుల నమస్కార మంత్రంలో 'ణమో ఉవజ్ఝాయాణం' అని ఇప్పటికీ వినవచ్చు. అక్కడినుంచి ఇంకా అరిగి తెలుగులో 'ఒజ్జ' అయింది, ఉత్తరాదిన ఓఝా అయింది. ప్రకృతి వికృతుల పట్టికలో ఉపాధ్యాయుడు, ఒజ్జ అని పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. మధ్యలో ఉన్న ఉవజ్ఝాయ మెట్టు చూపిస్తే బట్టీ అక్కర్లేదు. బౌద్ధ భిక్షువుల వెంట ఈ మాట చైనా దాకా నడిచి 'హెషాంగ్' అయింది, జపాన్‌లో 'ఓషో' అయింది. అంటే పుత్తూరులోని వాత్తియార్‌కు, జపాన్ ఆలయంలోని ఓషోకు, మన ఒజ్జకు ఒకే తాత.

ఒజ్జ బడిలోనే ఉండిపోలేదు. శిల్పులు, కమ్మరులు, కంసాలుల పేర్ల చివర కనిపించే 'ఓజు' కూడా ఇదేనని భాషావేత్తలు చెబుతారు. పనిలో మొనగాడు, పని నేర్పేవాడు ఒకరే కదా. దీనికి అచ్చం ఇలాంటి జంట ఇంకొకటి ఉంది: మాస్టారు, మేస్త్రి. లాటిన్ మాజిస్టర్ ఇంగ్లీషు దారిలో మాస్టర్‌గా వచ్చి బడిలో కూర్చుంది. పోర్చుగీసు దారిలో 'మెస్త్రె'గా వచ్చి మన దగ్గర తాపీ పట్టింది. ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రితో ఈ సంగతి చెబితే, 'అయితే మాకూ వేసవి సెలవులు ఇవ్వాలి సార్' అన్నాడు.

ఉపాధ్యాయ శబ్దానికి పతంజలి మహాభాష్యంలో చెప్పిన విడుపు సూటిగా ఉంటుంది: దగ్గరికి వెళ్లి ఎవరి నుంచి చదువుకుంటామో ఆ వ్యక్తి. వెళ్లేదీ చదివేదీ శిష్యుడే, ఉపాధ్యాయుడు తానున్న చోటే ఉంటాడు. మీకు సంతోషం కలిగించే విషయం ఏమిటంటే, స్త్రీలింగంలో రెండు రకాల రూపాలున్నాయి. తానే చదువు చెప్పే స్త్రీ ఉపాధ్యాయా లేక ఉపాధ్యాయీ. ఉపాధ్యాయుడి భార్య ఉపాధ్యాయాని. అమరకోశం కూడా ఈ తేడా చూపించింది. చదువు చెప్పే స్త్రీలు లేకుంటే ఈ తేడాతో భాషకు పని ఏముంది?

ఆచార్య శబ్దం గురించి క్లుప్తంగా. యాస్కుడు, వేదంలోని మాటల పుట్టుక చెప్పే నిరుక్తంలో, ఆచారాన్ని పట్టుబడేటట్టు చేసేవాడు అని ఒకటి, అర్థాలను పోగుచేసేవాడు అని ఒకటి, బుద్ధిని పోగుచేసేవాడు అని ఇంకొకటి, మూడు విడుపులు ఇచ్చి ఊరుకున్నాడు. మనుస్మృతి మాత్రం తేడా గట్టిగా గీసింది. ఉపనయనం చేసి వేదమంతా చెప్పేవాడు ఆచార్యుడు. బతుకుతెరువు కోసం కొంత భాగం చెప్పేవాడు ఉపాధ్యాయుడు. పదిమంది ఉపాధ్యాయులు ఒక ఆచార్యుడికి సమానం. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌ను ఆచార్యులనీ, బడిలో చెప్పేవారిని ఉపాధ్యాయులనీ పిలిచే మన పద్ధతి చూస్తే ఆ లెక్క ఎవరో గుర్తుపెట్టుకున్నారనిపిస్తుంది. జీతాల్లో పదింతల తేడా పెట్టనందుకు సంతోషించాలి.

మీరడిగిన తేడాలు. ఉపదేశంలో ధాతువు దిశ్, చూపించడం. దిక్కు, ఆదేశం, సందేశం, దేశికుడు అన్నీ దాని పిల్లలే. వేదాంత దేశికుల పేరులో ఉన్నదీ ఆ చూపించేవాడే. ఇంగ్లీషు 'టీచ్' మూలార్థం కూడా చూపించడమే. వెనక్కి వెళితే అదీ మన దిశ్ ధాతువూ ఒకే మూలానికి చేరతాయి. పిల్లలు మిమ్మల్ని టీచర్ అన్నా దేశికురాలు అన్నా తేడా లేదు. అయితే ఉపదేశంలో చూపించేవాడి పని చూపించడంతో ముగుస్తుంది. వేలు ఎటు చూపుతుందో అటు చూడడం ఎదుటివాడి వంతు.

శిక్ష కథ తమాషాగా ఉంటుంది. ధాతువు శక్, చేయగలగడం, శక్తి అక్కడిదే. దాని ఇచ్ఛార్థక రూపం శిక్ష్, 'చేయగలగాలి' అన్న కోరిక. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి ఉచ్చారణ పాఠంతో మొదలవుతుంది. హిందీవారికి శిక్షా అంటే ఇప్పటికీ చదువే. మనకూ కన్నడిగులకూ అది దండనగా మారింది, చదువుకోసం 'శిక్షణ' అని వేరు చేసుకున్నాం. బెత్తం చలవ అని వేరే చెప్పాలా? బడి గోడల మీద 'సర్వశిక్షా అభియాన్' అని రాసినప్పుడు మా ఊరి పెద్దాయన ఒకరు చదివి, 'అందరికీనా? ఏం తప్పు చేశారని?' అన్నాడు. నా అభిప్రాయం అడిగితే, ఈత, టైపు, డ్రైవింగు, అచ్చులు పలకడం లాంటి చేసి చూపవలసిన వాటికి శిక్షణ. దారి చూపి వదిలే మాటకు ఉపదేశం. అర్థం తెలిసి పిల్లవాడి కళ్లు విప్పారే పనికి బోధన. వాడుకలో ఇవి కలిసిపోయాయి, ఫరవాలేదు.

తెలుగు ఉపాధ్యాయురాలు కాబట్టి ఆ శీక్షావల్లిలోనే ఉన్న ఒక మాట మీకు ప్రత్యేకంగా చెప్పాలి. చదువును అక్కడ సంధితో పోల్చారు. ఆచార్యుడు పూర్వరూపం, శిష్యుడు ఉత్తరరూపం, విద్య సంధి, ప్రవచనం ఆ రెంటినీ కలిపే సంధానం. సంధి కార్యంలో పూర్వపదం చివర ఉన్న అక్షరం కూడా మారుతుందని మీకు వేరే చెప్పనక్కర్లేదు. తొమ్మిదో తరగతికి సంధులు మొదలుపెట్టే రోజు ఇది చెప్పి చూడండి. నేను చెప్పినప్పుడు ఒక అమ్మాయి 'మరి లోపం ఎవరికి సార్?' అని అడిగింది. జవాబు చెప్పలేక గంట కొట్టేదాకా నవ్వుతూ గడిపాను.

ఇక సంచిక పేరు. మీరు అనుకున్న 'జ్ఞానజ్యోతి' వద్దు, ఇప్పటికే లెక్కకు మించి ఉన్నాయి. 'ప్రబోధం' అర్థం ప్రకారం బాగుంది గానీ పిల్లలకు ఉపన్యాసంలా వినిపిస్తుంది. 'మెలకువ' అని పెట్టండి. రెండర్థాలూ వస్తాయి, నాలుగక్షరాలు, అట్ట మీద పెద్దగా పడుతుంది. మెళకువ అని కూడా రాస్తారు. ఏదో ఒకటి తేల్చుకుని లోపలి పేజీల్లోనూ అదే ఉంచండి. ఉపాధ్యాయులు రాసే మొదటి పేజీకి 'ఒజ్జబంతి' అని శీర్షిక ఇవ్వవచ్చు. పిల్లలు దిద్దుకోవడానికి ఒజ్జ పైన రాసి ఇచ్చే వరస అది. బంతి అంటే పంక్తి, బంతి భోజనంలో ఉన్నదే. ప్రశ్న అడిగిన పిల్లవాడి చేత 'బో అంటే ఏమిటి, ధ అంటే ఏమిటి' అనే శీర్షికతో ఒక పేజీ రాయించండి. సుప్రభాతం సంగతి వాణ్ణే వెతికి రాయమనండి, మీరు చెప్పేయకండి. అచ్చుకు వెళ్లేముందు ప్రూఫులు పంపితే చూసిపెడతాను. 'భోధన' కనిపించిందా, ఎర్ర సిరా తప్పదు.